సోమేశ్వరుడి పంచె

రాజలింగు యూనివర్సిటీ చరిత్ర శాఖలో అటెండరు. చదువు రాదు. అయినా మా శాఖ బీరువాల్లో ఉన్న శాసనాల నకళ్లలో మూడొంతులు అతని చేతుల మీదుగా వచ్చినవే. నేను అప్పట్లో అక్కడ రీసెర్చి చేస్తూ వారాసిగూడలో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఈ సంగతిలో కొంత నేను చూసింది. మిగతాది రాజలింగు భార్య అమృతమ్మ చెప్పగా విన్నది.

వాళ్ల ఇల్లు క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో. నిజాం కాలంలో ఆర్ట్స్ కాలేజీ కడుతున్నప్పుడు రాళ్లు కొట్టడానికి వచ్చిన ఒడ్డె కుటుంబాలు పని అయిపోయాక అక్కడే గుడిసెలు వేసుకుని నిలిచిపోయాయి. రాజలింగు తండ్రి ఆ రాళ్లు కొట్టినవాళ్లలో ఒకడు. పదేళ్ల రాజలింగు ఉలులకు పదును పెట్టించుకొచ్చేవాడు. పెద్దయ్యాక కొన్నాళ్లు క్యాంపస్‌లో తోటపని చేశాడు. తర్వాత మా శాఖలో ప్రొఫెసరు అచ్యుతరామయ్య గారి కంట పడ్డాడు.

అచ్యుతరామయ్య గారిది తెనాలి వైపు. తార్నాకలో అద్దె ఇంట్లో తల్లితో, భార్యతో ఉండేవారు. జిల్లాల్లో తిరిగి పాత గుళ్లలోని శాసనాలకు నకళ్లు తీయించి చదవడం ఆయన పని. నకలు తీయడమంటే రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టి, పైన మసిసిరా అద్దాలి. రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది, మెల్లగా కొడితే అక్షరం దిగదు. ఇద్దరు ముగ్గురు చదువుకున్న కుర్రాళ్లు ఆ పని చెడగొట్టాక సారు రాజలింగును తీసుకెళ్లి చూశారు. మొదటి రోజే అతను రాయి మీద చెయ్యి పెట్టి, దీన్ని చెక్కినవాడిది ఎడమచేతి వాటమని చెప్పాడట. ఉలి దెబ్బలు ఎటు వాలాయో చూపించాడట. అప్పటినుంచీ రాజలింగు లేకుండా సారు ఊరు కదల్లేదు.

పన్నెండేళ్లలో రాజలింగు చూడని గుడి లేదు. కానీ ఒక్క గుళ్లోనూ దేవుడికి దండం పెట్టలేదు. నాస్తికుడేమీ కాదు. ఇంట్లో పండగ వస్తే అందరికంటే ముందు స్నానం చేసేవాడు. ఒకసారి సారే ఉండబట్టలేక అడిగారు. రాజలింగు తడి కాగితం మీదినుంచి కళ్లెత్తకుండా జవాబిచ్చాడు.

"సర్కారు బత్తా మీద వచ్చి దండం పెడితే ఆ దండం సర్కారుదే అయితది సార్. నేను నా అంతట వచ్చిన్నాడు పెడ్తా."

ఆ వచ్చే రోజు మాత్రం రాలేదు. అమృతమ్మ అమ్మాయిల హాస్టల్ మెస్‌లో చపాతీలు చేసేది. తెల్లవారుజామున వెళ్తే రాత్రికి తిరిగొచ్చేది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో మల్కాజ్‌గిరిలో ఉన్న చెల్లెలి ఇల్లు తప్ప ఆమె వెళ్లిన ఊరు లేదు. మొగుడు టూరు నుంచి వచ్చినప్పుడల్లా నల్లబడ్డ వేళ్లను గోరువెచ్చని నీళ్లలో కడుగుతూ ఆ గుడి ఎట్లా ఉంది, దేవుడు ఎటు చూస్తున్నాడు, ధ్వజస్తంభం రాతిదా చెక్కదా అని అడిగేది. అతను రాళ్ల గురించి చెప్పేవాడు. ఏ రాయి ఎక్కడిది, ఎంత గట్టిది. దేవుడి ముఖం ఎట్లా ఉందో అతనికీ తెలియదు.

అరవై ఎనిమిది అక్టోబరులో ములుగు దారిలోని చంద్రకుర్తికి వెళ్లొచ్చారు. అక్కడ కాకతీయుల నాటి సోమేశ్వరాలయం ఉంది. కప్పు సగం కూలింది. మండపంలో నిలువెత్తు శాసనస్తంభం. మూడు పక్కలా నకలు తీసేసరికి పొద్దు వాలింది. సామాన్లు సర్దుతుంటే రాజలింగు స్తంభం మొదట్లో మట్టిని కాలితో కదిపి, రాయి ఇంకా కిందికి ఉన్నదని, నున్నగా చెక్కిన రాయిని ఎవరూ ఊరికే మట్టిలో పాతరని అన్నాడు. సారు గడియారం చూసుకున్నారు. ఆఖరి బస్సుకు మూడు మైళ్లు నడవాలి. రాజుగారి పేరు, సంవత్సరం, దానమిచ్చిన భూమి అన్నీ దొరికాయి కదా, ఇక చాలన్నారు.

ఆ నకళ్లు ఆరబెట్టి చుట్టి తార్నాకలో సారు ఇంటికి ఇవ్వడానికి రాజలింగు వెళ్లినప్పుడు, సారు తల్లి వెంకటరమణమ్మ గారు వరండాలో కూర్చుని ఉన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి. భర్త ఉన్నప్పుడు అమరావతి, కోటప్పకొండ, శ్రీశైలం చూశారు. కొడుకుతో హైదరాబాదు వచ్చాక ఆ ఇల్లు, ఆ వరండా తప్ప ఏమీ లేదు. చంద్రకుర్తిలో సోమేశ్వరుడికి ఇప్పటికీ పూజ జరుగుతోందా అని ఆమె అడిగారు. జరుగుతోందనీ, కార్తీక సోమవారాల్లో చుట్టుపక్కల జనం వచ్చి దీపాలు పెడతారనీ రాజలింగు చెప్పాడు. ఆమె వెంటనే తనను తీసుకెళ్లమన్నారు.

ఇది విని సారు కంగారుపడ్డారు. పడిపోయిన గుడి, రోడ్డు లేదు, ఉండటానికి చోటు లేదు. పైగా తనకు కాన్ఫరెన్సు వ్యాసం రాసుకోవాలి. తల్లి ఆయన్ని నెమ్మదిగా చూశారు.

"నువ్వు తేదీ చూసుకుని వచ్చావు. నేను దేవుణ్ణి చూసుకుని వస్తాను. దానికి నువ్వెందుకురా?"

అట్లా ప్రయాణం కుదిరింది. ఆమెను ఒక్క మగవాడితో పంపడం బాగుండదని సారు భార్య అంటే, నా ఇంటిది గూడ వస్తదమ్మా అని రాజలింగు ఒప్పుకుని వచ్చాడు. ఇంటికెళ్లి చెబితే అమృతమ్మ నమ్మలేదు. మెస్‌లో సెలవు అడగడానికి రెండు రోజులు భయపడింది. మూడో రోజు అడిగితే వార్డెన్ ఒక్క మాటలో ఇచ్చేసింది. ఆ సాయంత్రమే సికింద్రాబాద్ వెళ్లి దేవుడికి కట్టడానికి సన్నని తెల్ల మల్లుపంచె ఒకటి కొన్నది. దాన్ని పసుపుగుడ్డలో చుట్టి, దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుంది.

ఆదివారం ప్యాసింజర్‌లో కాజీపేట దాకా వెళ్లి, హనుమకొండ సత్రంలో పడుకుని, సోమవారం పొద్దున్నే బస్సెక్కారు. దిగాక మూడు మైళ్ల కాలిబాట. వెంకటరమణమ్మ గారు మడి మనిషి. తన నీళ్లు తనే చిన్న మరచెంబులో తెచ్చుకున్నారు. రైల్లో అమృతమ్మకు తగలకుండా బెంచీ చివర కూర్చున్నారు. కానీ బాటలో గులకరాళ్లు ఎక్కువ. మొదటి మైలు దాటేసరికి ఆమె చెయ్యి అమృతమ్మ భుజం మీదికి వచ్చింది. రెండో మైలు దాటేసరికి మరచెంబు ఖాళీ అయింది. జొన్నచేను గట్టు మీద కూర్చుని ఆమె కాసేపు ఎటో చూసి, నీ దగ్గర నీళ్లున్నాయా అమ్మాయ్ అని అడిగారు. అమృతమ్మ సీసాలోవి ఇచ్చింది. ఆమె తాగి, మూతి తుడుచుకుని, బాగా చల్లగా ఉన్నాయి అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

గుళ్లో జనం బాగానే ఉన్నారు. పూజారి వీరస్వామి రాజలింగును చూసి, కాగితాలాయన ఈసారి కాగితాలు లేకుండా వచ్చిండే అని నవ్వాడు. రాజలింగు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, భార్య వెనకే లోపలికి వెళ్లాడు. పన్నెండేళ్ల తర్వాత ఒక గర్భగుడి ముందు ఏ పనీ లేకుండా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మొదట తెలియలేదట. అమృతమ్మ మోచేత్తో పొడిస్తే జోడించాడు. ఏం కోరుకున్నావని ఆమె తర్వాత అడిగితే, ఏం కోరాలనో యాదికి రాలేదన్నాడు. కానీ చాలాసేపు కళ్లు మూసుకునే నిలబడ్డాడని, కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయని ఆమె నాతో చెప్పింది.

ఆమె మాత్రం అంతా చూసింది. లింగం చిన్నది, పైన వెండి నాగపడగ లేదు, పూలు మాత్రం దండిగా ఉన్నాయి. పంచె ఇస్తానంటే వీరస్వామి, సాయంత్రం అలంకారానికి కడతాను, అప్పటిదాకా నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. వెంకటరమణమ్మ గారు దీపాలు వెలిగించి మండపంలో కూర్చుని జపం మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికి జనం తగ్గారు. రాజలింగు శాసనస్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వీరస్వామిని అడిగి, కొబ్బరిచిప్పతో స్తంభం మొదట్లో మట్టి తీయడం మొదలుపెట్టాడు. జానెడు లోతుకు వెళ్లేసరికి వేళ్లకు గాట్లు తగిలాయి. నీళ్లు పోసి కడిగాడు. ఒక వరుస అక్షరాలు. మధ్యలో ఒకచోట రాయి చెక్కు లేచిపోయింది.

ఈలోగా ఎవరో వెళ్లి ఊళ్లో చెప్పారు. పటేలు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సంవత్సరం ఆ చుట్టుపక్కల రెండు గుళ్లలో నిధుల కోసం తవ్వి లింగాలు పెకలించిన దొంగలున్నారు. అందుకే మనుషులు కోపంగానే ఉన్నారు.

"ఏందిరో, గుళ్లె గుంత తీస్తున్నవ్? లంకెబిందెలున్నయని ఎవడన్న చెప్పిండా?"

రాజలింగు లేచి నిలబడ్డాడు. చేతులకు మట్టి. యూనివర్సిటీ కాగితం ఏదీ వెంట లేదు. ఈసారి తన అంతట తాను వచ్చినవాడు. వీరస్వామి అడ్డుపడి చెప్పబోయినా పటేలు వినలేదు. అప్పుడు వెంకటరమణమ్మ గారు జపమాల పక్కన పెట్టి పలికారు.

"నాయనా, పొద్దుటినుంచీ ఉపవాసం ఉన్న ముసలిదాన్ని. దొంగతనానికి వచ్చేదాన్నయితే అన్నం తినే వచ్చేదాన్ని కదా. అతను చెప్పేది విను."

వెనక ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. రాజలింగు గుంత పక్కకు జరిగాడు.

"బంగారం గాదు పటేలా, రాత ఉన్నది. నమ్మకుంటే చెయ్యి వెట్టి చూడు."

పటేలు పంచె ఎగగట్టి కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. అక్షరం వెంట అక్షరం వేళ్లతో తడిమాడు. ఏం రాసుంది అని అడిగాడు. నాకు చదువు రాదు, చదివే సారు పట్నంలో ఉన్నాడు అన్నాడు రాజలింగు. పటేలు ఆ జవాబుకు కొంచెం తెల్లబోయి, మరి పట్నం దాకా ఎట్లా తీసుకపోతావని అడిగాడు.

అదే చిక్కు. కాగితం లేదు, సిరా లేదు, బ్రష్ లేదు. ఊళ్లో దొరికేది బడి పిల్లల నోటుపుస్తకం కాగితం. అది తడిస్తే ముద్దవుతుంది. రాజలింగు చుట్టూ చూశాడు. గోడ గూళ్లలో ఏళ్లకేళ్లుగా పేరుకున్న దీపాల మసి ఉంది. ఆముదం ఉంది. కొబ్బరిపీచు ఉంది. లేనిదల్లా సన్నని గుడ్డ ఒక్కటే. అతని చూపు అమృతమ్మ ఒళ్లోకి వెళ్లి, మళ్లీ పక్కకు తప్పుకుంది. 

అమృతమ్మ పసుపుగుడ్డ విప్పింది. అది మొక్కిన పంచె కదా, మసి పూస్తారా అని ఎవరో ఆడమనిషి అంటే ఆమె గట్టిగానే జవాబు చెప్పింది.

"దేవునికని తెచ్చిన. దేవుని రాయికే కప్పుతున్న. ఇంకెట్ల పెడ్తరు?"

వీరస్వామి సరేనన్నాడు. రాజలింగు పంచెను తడిపి, రెండు మడతలు వేసి, రాతికి అదిమాడు. కొబ్బరిపీచును కుచ్చుగా కట్టి మెల్లగా కొడుతూ పోయాడు. అమృతమ్మ గూళ్లలోంచి మసి గీకి తెచ్చి రెండు చుక్కల ఆముదంతో నూరింది. పన్నెండేళ్లుగా ఆమె ఆ మసిని వేళ్ల మీదినుంచి కడగడమే చూసింది. అది రాతి మీదికి ఎట్లా ఎక్కుతుందో ఆ రోజే చూసింది. గుడ్డముద్దతో అద్దుతుంటే నలుపు మధ్యలోంచి తెల్లగా అక్షరాలు ఒక్కొక్కటి బయటపడ్డాయి. పటేలు, ఊరివాళ్లు, వెంకటరమణమ్మ గారు, అందరూ తలలు వంచి చూస్తున్నారు. ఎవరికీ చదవడం రాలేదు. ఆ లిపి పాతది.

ఆ సాయంత్రం సోమేశ్వరుడికి పాత పంచెతోనే అలంకారం జరిగింది. పటేలు తన బండి కట్టించి ముగ్గురినీ బస్సు దాకా పంపించాడు.

మర్నాడు రాత్రికి తార్నాక చేరారు. సారు మేడ మీది గదిలో పంచె పరిచి, దీపం దగ్గరికి జరిపి, భూతద్దం పట్టుకుని కూర్చున్నారట. నేను పొద్దున వెళ్లేసరికి ఆయన ముఖం అలసటగా, సంతోషంగా ఉంది. రాజలింగును, అమృతమ్మను పిలిపించారు. అమృతమ్మ గుమ్మం దగ్గర నిలబడితే వెంకటరమణమ్మ గారు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

సారు ముందుగా రాజలింగుతో, ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు నేను వినాల్సింది అన్నారు. తర్వాత చదివారు. ఒడ్డె బొల్లన అని ఒక పేరు. తర్వాత ఆలు అనే మాట. అక్కడ రాయి చెక్కు లేచింది. ఆపైన ఒక్క 'మ', ఆ తర్వాత కార్తీక దీపము అని ఉంది.

"ఒడ్డె బొల్లన అనేవాడి భార్య ఆ గుళ్లో కార్తీక దీపం పెట్టింది. అంతవరకే నేను చెప్పగలను. గుడి రాళ్లు తెచ్చినవాళ్లు అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. రాయి అది చెప్పలేదు."

రాజలింగు పంచె మీద ఆ పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే దాని మీద వేలు ఆనించి, తన తండ్రికి ఆ మాట చెప్పడానికి లేకుండా పోయిందన్నాడు. అమృతమ్మకు మాత్రం ఒకే ప్రశ్న.

"ఆలి పేరు ఏంది సార్?"

సారు తల అడ్డంగా ఊపారు. పోయిందమ్మా, చివరి అక్షరం మిగిలింది, పేరు చివర అమ్మ అని ఉండొచ్చు అన్నారు. అమృతమ్మ, ఏడువందల ఏండ్ల కింద మావోళ్ల ఆడామె గుడికి పోయి దీపం పెట్టిందంటే చాలు, నేను ఇన్నేండ్లు ఇంట్ల కూసున్న అంది. గదిలో అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

ఆ సంతోషం మీద రెండు నెలలు గడవకముందే తెలంగాణ ఉద్యమం మొదలైంది. క్యాంపస్ మూతపడింది. తార్నాక గోడల మీద ఆంధ్రావాళ్లను వెళ్లిపొమ్మని రాతలు వెలిశాయి. రాజలింగు బస్తీలో చాలామంది పిల్లలు ఊరేగింపుల్లో తిరిగారు. ఉద్యోగాలు తమవాళ్లకు రావాలని రాజలింగుకూ ఉండేది, ఆ మాట సారు ముందే అన్నాడు. సారు కూడా కాదనలేదు. కానీ వేసవిలో ఇంట్లో ఆడవాళ్లు భయపడి అందరూ తెనాలి వెళ్లిపోయారు. ఇంటి తాళం రాజలింగు చేతికిచ్చారు. ఆంధ్రావాళ్ల ఇంటికి కాపలా ఏందని బస్తీలో ఒకరు అంటే, ఉద్యమం ఉద్యమమే, ఆమెతోని కలిసి నేను మొక్కుకున్న అని అమృతమ్మ జవాబిచ్చి, వారానికోసారి వెళ్లి వరండా ఊడ్చి వచ్చేది.

క్లాసులు మళ్లీ మొదలయ్యాక సారు ఒక్కరే వచ్చారు. తల్లిని ఇక రానివ్వనని ఊళ్లో ఉన్న ఆమె పెద్దకొడుకు, సారు అన్నగారు, పట్టుబట్టాడని తెలిసింది. ఇక ఆమె రారనే అందరం అనుకున్నాం. అమృతమ్మ కూడా అడగడం మానేసింది.

అక్టోబరు చివర్లో శాఖకు ఒక పోస్టుకార్డు వచ్చింది. సారుకు కాదు, రాజలింగుకు. అతను దాన్ని నా దగ్గరికి తెచ్చి చదవమన్నాడు. వెంకటరమణమ్మ గారు రాసిన గుండ్రటి అక్షరాలు. రాజలింగుకు ఆశీస్సులు. మోకాళ్లు కొంచెం నయం. రెండో కార్తీక సోమవారానికి చంద్రకుర్తి వెళ్దాం. పెద్దవాడితో పోట్లాడి బయలుదేరుతున్నాను. అమృతాన్ని సెలవు పెట్టమను. నేను ఇంకోసారి చదివాను. రాజలింగు కార్డు జేబులో పెట్టుకుని, సైకిలెక్కి, డ్యూటీ మధ్యలోనే హాస్టల్ వైపు వెళ్లిపోయాడు. అతను చెప్పకుండా పని వదిలి వెళ్లడం నేను చూసింది అదొక్కసారే.

ఆ కార్తీకంలో నేనూ వాళ్లతో వెళ్లాను. బస్తీ నుంచి మరో ఎనిమిది మంది వచ్చారు. సోమవారం పొద్దున కాజీపేట స్టేషన్లో వెంకటరమణమ్మ గారు అమృతమ్మ పక్కనే కూర్చుని, తెనాలి నుంచి తెచ్చిన అరిటాకు పొట్లం విప్పి అందరికీ పులిహోర పెట్టారు. తను మాత్రం ఉపవాసం. చంద్రకుర్తిలో పటేలు స్తంభం చుట్టూ మట్టి తీయించి, నీళ్లు నిలవకుండా బండలు పరిపించాడు. ఆఖరి వరుస ఇప్పుడు నేలకు పైనే కనిపిస్తోంది. అమృతమ్మ అక్కడ దీపం పెడుతుంటే వీరస్వామి ఎవరి పేరు మీద అని అడిగాడు. ఇద్దరి పేరు మీద, నాదీ, రాయి మీద పేరు పోయిన ఆ ఆడామెదీ అని ఆమె చెప్పింది. 

తిరుగు ప్రయాణంలో బస్సు ఆలస్యమైంది. రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చుని వెంకటరమణమ్మ గారు రాజలింగును ఇంకా ఏమేం గుళ్లు చూశావని అడిగారు. రామప్ప, ఘనపురం, కొలనుపాక అని అతను వేళ్ల మీద చెప్పుకుంటూ పోతుంటే, ఆమె మధ్యలో ఆపి, వాటిలో నడక తక్కువ ఉన్నదేది అన్నారు. కొలనుపాక అన్నాడు రాజలింగు. అయితే మాఘమాసంలో అక్కడికి వెళ్దాం, ఎండలు ముదరక ముందే, అన్నారామె. అమృతమ్మ అప్పుడే మెస్ సెలవుల సంగతి ఆలోచించడం మొదలుపెట్టింది.